తలంబ్రాలేవి, చుక్కలేవి

మన పెళ్ళిళ్ళకు మంచి ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రో తెల్లవారుజామునో పడతాయి. 1990ల నాటి పల్లెటూరి పెళ్ళంటే ఇంటి ముందు పందిరి, రెండు ట్యూబులైట్లు, భుజాన వీహెచ్‌ఎస్ కెమెరాతో ఒకాయన, ఆయన వెనక హాలోజన్ లైటు ఎత్తి పట్టుకున్న కుర్రాడు. ఆ లైటు పెళ్ళికూతురి ముఖం మీద ఉన్నంతసేపూ బొమ్మ బాగానే ఉంటుంది. చెయ్యి నొప్పెట్టి కుర్రాడు కాస్త దించాడా, వెనక కూర్చున్న చుట్టాలందరూ చీకట్లో కలిసిపోతారు. ఆ చీకటైనా నల్లగా ఉండదు. ఎర్రవీ నీలివీ చుక్కలు ముసురు పురుగుల్లా మెసులుతూనే ఉంటాయి.

అలాంటి క్యాసెట్లను బాగుచేయడం నాకు ఎప్పటినుంచో ఇష్టమైన పని. తెచ్చిచ్చే వాళ్ళందరూ అడిగేది ఒకటే: "కొంచెం వెలుతురు పెంచి ఇవ్వండి బాబాయ్." పెంచడం నిమిషంలో పని. కానీ ఆ పని కెమెరా ఆ రాత్రే చేసేసింది. చాలినంత వెలుతురు అందక, అందిన కాస్త సిగ్నల్‌నే గెయిన్‌తో పెంచుకుంది. 18 డెసిబెల్స్ గెయిన్ అంటే సిగ్నల్‌ను ఎనిమిది రెట్లు చేయడం. దాంతోపాటు చుక్కలూ ఎనిమిది రెట్లయ్యాయి. ఇప్పుడు మనం మళ్ళీ పెంచితే ముందు పెరిగేవి అవే. కాబట్టి చుక్కలు తగ్గాకే వెలుతురు జోలికి వెళ్ళాలి.

అంతకంటే ముందు టేపును కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. జపాన్‌లోని ఫునాయ్ 2016లో వీసీఆర్‌ల తయారీ ఆపేశాక కొత్త యంత్రం దొరికే దారి మూసుకుపోయింది. ఉన్నవాటినే కాపాడుకుంటూ వాడాలి. బీరువాలో పాలిథిన్ కవర్లో చుట్టి దాచిన క్యాసెట్‌కు బూజు పట్టి ఉంటే శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో పెట్టకూడదు. ఆ బూజు హెడ్డుకు అంటుకుంటుంది, తర్వాతి క్యాసెట్‌కూ పాకుతుంది. ఎక్కించేటప్పుడు ఫైలును కుదించకూడదు. మామూలుగా వాడే కుదింపు పద్ధతులు చీకటి భాగాలనే ముందు బలిచేస్తాయి. పందిరి మూల గళ్ళుగళ్ళుగా గడ్డకట్టుకుపోతే ఇక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని విప్పలేదు. కుదించకుండా ఎక్కిస్తే గంటకు 75 జీబీ దాకా అవుతుంది. అవనివ్వండి. ఆ టేపు రెండోసారి తిరుగుతుందన్న భరోసా లేదు.

ఎక్కించాక గీతలను విడదీయాలి. మన దేశంలో వాడిన పాల్ (PAL) అనే వీడియో పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు మరో క్షణానివి. వాటిని విడదీసి 50 క్షణాలుగా నిలబెట్టడానికి అవిసింత్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్యూటీజీఎంసీ అనే ఉచిత స్క్రిప్టు ఉంది. దానికి మించినది నాకింకా కనబడలేదు.

ఇక చుక్కల సంగతి. పందిరి రాట కదలదు, ఫ్రేము తర్వాత ఫ్రేములో అక్కడే ఉంటుంది. చుక్క అలా కాదు, ఈ క్షణం ఇక్కడుంటే మరు క్షణం ఇంకోచోట. నాలుగు ఫ్రేములను ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే రాట రాటలాగే మిగులుతుంది, చుక్కల జోరు సగానికి తగ్గుతుంది. తొమ్మిది పేరిస్తే మూడో వంతుకు వస్తుంది. నీట్ వీడియో లాంటి సాఫ్ట్‌వేర్లు చేసేది ప్రధానంగా ఇదే. మనిషి కదిలితే ఆ కదలికను వెంబడించి, చెయ్యి మీద చెయ్యే పడేలా పేర్చాలి. లేకపోతే హారతి పళ్ళెం వెనక తోకలా నీడ సాగుతుంది. ఈ పద్ధతి మీద నాకు గౌరవం. ఒక ఫ్రేములో లేనిదాన్ని పక్క ఫ్రేములోంచి తెస్తుంది తప్ప ఊహించి పెట్టదు. చీర అంచులో జరీ గీత ఒక్కో ఫ్రేములో ఒక్కో ముక్క దొరికి, చివరికి పూర్తిగా తేలినప్పుడు ఆ జరీ నిజంగా ఆ రాత్రి అక్కడ ఉన్నదే.

అయితే తలంబ్రాలొచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. బియ్యపు గింజ గాల్లో ఎగురుతూ ఒక ఫ్రేములో ఒకచోట తెల్లగా మెరుస్తుంది, తర్వాతి ఫ్రేముకు అక్కడ ఉండదు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది అచ్చంగా చుక్క. తుడిచేస్తుంది. వధూవరులు నవ్వుతూ ఖాళీ దోసిళ్ళు ఎత్తి ఒకరి తలమీద ఒకరు బోర్లించుకుంటున్నట్టు కనిపిస్తుంది. అందుకే ఆ ఘట్టాన్ని విడిగా కత్తిరించి, ఫిల్టర్ బాగా తగ్గించి, చుక్కలు కాసిని ఉన్నా సరేనని వదిలేస్తాను. అసలే ఆనాటి మిక్సింగ్‌లో మంత్రాలనూ మేళాన్నీ ఆడవాళ్ళ మాటలనూ తీసేసి సినిమా పాటలు అతికించారు. ఆ శబ్దం ఇక తిరిగి రాదు. తలంబ్రాలు కూడా పోతే ఎలా?

ఈమధ్య అందరూ ఏఐతో చేయమంటున్నారు. పీటర్ జాక్సన్ 2018లో మొదటి ప్రపంచ యుద్ధపు రీళ్ళకు రంగులద్దిన సినిమా చూసి, మన క్యాసెట్ కూడా అలా రావాలంటారు. అవి ఫిల్ము రీళ్ళు, ఫిల్ములో కంటికి ఆనని వివరం చాలా దాగి ఉంటుంది. వీహెచ్‌ఎస్‌కు అడ్డంగా పట్టే వివరమే 240 గీతల పాటిది, చీకట్లో తీస్తే అదీ ఉండదు. అక్కడ ఏఐ తాను నేర్చుకున్న వేలాది ముఖాలలోంచి నమ్మదగ్గ కళ్ళూ పళ్ళూ తెచ్చి పెడుతుంది. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది. 90లలో పెళ్ళి పెద్దలుగా కూర్చున్న వాళ్ళలో ఎందరికో ముఖాన అమ్మవారి మచ్చలుండేవి. దగ్గరగా తీసిన బొమ్మల్లో అవి కనిపిస్తాయి కూడా. ఏఐ వాటిని చుక్కలతోపాటు నునుపు చేసేస్తుంది. ముక్కుపుడక పక్కన పులిపిరి మాయమవుతుంది. ఆ నాయనమ్మ అందంగానే ఉంటుంది, కాకపోతే ఎవరి నాయనమ్మో తెలియదు. గోడలు, గడప, పందిరి ఆకులు పెద్దవి చేయడానికి ఏఐని నేనూ వాడతాను. మనిషి ముఖం మీద మాత్రం వాడను. ఎవరడిగినా ఇదే మాట.

ముఖాలను అలాగే ఉంచడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. వెలుతురు కాస్త తేలాక, ఇన్నాళ్ళూ కనబడని మనుషులు వెనక వరసల్లోంచి బయటికొస్తారు. వాళ్ళ పేర్లు చెప్పగల పెద్దలు ఇంకా కొందరున్నారు. వాళ్ళకు చూపించి, ఏ నిమిషంలో ఎవరున్నారో రాసి, ఆ జాబితాను వీడియోతోపాటే ఇస్తున్నాను. ముఖం మసకగా ఉన్నా మా పెద్దమ్మ భుజం వంపు చూసి, తలగుడ్డ కట్టిన తీరు చూసి గుర్తుపట్టేస్తుంది. పోయినవారం ఆమె పేరు చెప్పలేకపోయింది ఒక్కరికే. పందిరి రాటకు ఆనుకుని, చంకన పిల్లాడితో నిలబడిన తెల్లచొక్కా మనిషి అతను. ఆ ఫ్రేమును చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అతను పెళ్ళికొడుకు తరఫువాడని ఒకరు, కాదు మా ఊరి బడి పంతులని ఇంకొకరు అంటున్నారు. ఆ చంకలో పిల్లాడికి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. అతను దొరికితే కాపీ అతనికీ పంపాలి.