డాలీ గడియారముల చిత్రము: విన్యాస పరిశీలనము

అధివాస్తవికత యనగానే అన్వయరాహిత్యమని తలచుట మన విమర్శలో నొక యలవాటైనది. ఆ మార్గమున నడచిన కవితను నిరసించువారును, మెచ్చువారిలో కొందరును ఈ తలపుతోనే మాటాడుదురు. ఆంద్రే బ్రెటన్ 1924లో వెలువరించిన ప్రకటనపత్రమున బుద్ధి యదుపులేని మనోవ్యాపారమునకు అగ్రస్థాన మొసగుట ఇందులకు కొంత కారణము. కాని ప్రకటన వేరు, కృతి వేరు. ఈ భేదమును గుర్తించుటకై సాల్వడార్ డాలీ 1931లో రచించిన ‘జ్ఞాపకముల నిలకడ’ యను తైలవర్ణచిత్రమును మేమిట పరిశీలించుచున్నాము.

న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయమున నున్న యీ చిత్రము వెడల్పు 33, ఎత్తు 24 సెంటీమీటర్లు మాత్రమే. ఎడమవైపున బల్లవంటి దిమ్మయు, దానిపై నాకులేని చెట్టును గలవు. దిమ్మ యంచున నొక గడియారము, కొమ్మపై నొకటి, నడుమ కన్నుమూసి పడియున్న ముఖాకృతిపై నొకటి తడిబట్టలవలె వ్రేలాడుచున్నవి. నాల్గవది మాత్రము మూతపడి, చీమలు క్రమ్మి, గట్టిగానే యున్నది.

చూపరులు గడియారముల మెత్తదనమును చూచి యాశ్చర్యపడి యంతట నాగిపోవుదురు. ఆ మెత్తదనము కంటి కెట్లు గోచరించుచున్నదన్నది మా ప్రశ్న. దిమ్మ యంచు సూటిగా నుండుటచేతనే దానిపై గడియారము వంగినదని తెలియుచున్నది. కొమ్మ క్షితిజరేఖ ననుసరించి సాగుటచేతనే రెండవదాని జారుదల స్పష్టమగుచున్నది. మూడవదాని కాధారమైన ముఖాకృతియు మెత్తనిదే. కావున చూపు తడబడుట సరిగా చిత్రమధ్యమున జరుగును. మొదటి రెండింటి గట్టి యాధారములు లేనిచో ఈ తడబాటునకు విలువ యుండదు.

వెలుగునీడల కూర్పును ఇట్టిదే. మనుబోలునకు తూర్పుననున్న నెల్లూరు తీర మెరిగినవారికి ఇసుక, నీరు, ఆకాశము మూడు పట్టెలుగా కనబడుట తెలిసినదే. చూపున కడ్డుపడు కొండ లేదు. డాలీ యెరిగిన కాటలోనియా తీరమునకును సముద్రము తూర్పుననే కలదు గాని, అచట రాతికొండలు గలవు. చిత్రమున కుడివైపు పైభాగమున నవి పసుపువెలుగులో నున్నవి. వానిని తొలగించి మన తీరమునే యచట నూహించినచో, దిమ్మ బరువునకు ఎదురుతూకము లేక చిత్ర మెడమవైపునకు ఒరిగిపోవును. అంతేకాదు, మన మెరిగిన లోకము దూరమున వెలుగులోను, ఎరుగనిది చెంతనే నీడలోను ఉన్నవన్న వైపరీత్యమును నశించును.

స్వప్నమునకు విన్యాసమేల యని యాక్షేపింపవచ్చును. దీనికి డాలీ మాటయే సమాధానము. సముద్రతీరమును, చెట్టును ముందే చిత్రించి యుంచితిననియు, ఒక రాత్రి భోజనానంతరము మెత్తని జున్నును గూర్చి తలపోయుచుండగా గడియారములు తోచెననియు 1942లో వెలువడిన స్వీయచరిత్రమున నాతడు చెప్పెను. స్వప్నము పిదప వచ్చినది. అది నిలుచుటకు చోటు ముందే సిద్ధమై యున్నది.

శ్రీరంగం నారాయణబాబు మొదలగువారి కవితలను చదువునపుడును ఈ ప్రశ్ననే వేయవలెనని మా యభిప్రాయము. పదచిత్రము లెంత వింతగా నున్నవని కాక, ఆ వింతను మోయు సూటియైన యంచు ఎచట నున్నదని వెదకవలెను. అది లయలో నుండవచ్చును, వాక్యనిర్మాణములో నుండవచ్చును, ఒకే యనుభూతి యాద్యంతము సాగుటలో నుండవచ్చును. అట్టి యంచు దొరకిన కవితను అర్థము కాలేదన్న మాటతో త్రోసివేయరాదు. అది దొరకనిదానిని అధివాస్తవికమన్న పేరు రక్షింపజాలదు.