62 ఎవరి నంబరు?

మావయ్యకి కంట్లో శుక్లం ముదిరింది. పేపరు చదివిపెట్టే మనిషి ఇంట్లో లేరు. అందుకని మే మొదటి వారంలో కొయ్యూరు వెళ్తూ ఓ రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు, చిన్న స్పీకరు సంచిలో వేసుకున్నాను. తెలుగు చదివే ఈస్పీక్ ఎన్‌జీకి రెడీమేడ్ ప్యాకేజీ ఉంది. కానీ నేను దాని ఉచ్చారణ నియమాల్లో, కోడ్‌లో కాస్త వేలు పెట్టాను కాబట్టి సోర్సు నుంచే కంపైల్ చేసుకోవాలి. విశాఖలో లాప్‌టాప్ మీద చేస్తే చక్కగా పలికింది. ఆ ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లో పోసుకుని బస్సెక్కాను. కొంప ముంచింది ఆ ‘మొత్తమే’.

కొయ్యూరులో నడిపితే ‘ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్’. అవును మరి, లాప్‌టాప్‌ది ఎక్స్86 ప్రాసెసరు, దీనిది ఆర్మ్. ఇక్కడే కంపైల్ చేద్దామని ‘మేక్’ కొట్టాను. చేయడానికేమీ లేదంది. మేక్ చూసేది తేదీలే. సోర్సు కన్నా ఆబ్జెక్ట్ ఫైలు కొత్తదైతే పని అయిపోయిందనుకుంటుంది, అది ఏ ప్రాసెసరుకి పుట్టిందో దానికి అక్కర్లేదు. ఒక సీ ఫైల్లో చుక్క మార్చి మళ్లీ కొట్టాను. ఆ ఒక్కటీ ఆర్మ్‌కి తయారైంది, పక్కవన్నీ లాప్‌టాప్ నుంచి వచ్చిన పాతవి. రెంటినీ కలపబోయిన లింకరు ‘ఈఎం: 62’ అని గొణిగి ఆగిపోయింది.

ఆ 62 నాకు భలే నచ్చింది. లినక్స్‌లో ప్రతి బైనరీ ఫైలూ తన పుట్టుక నుదుటి మీద రాసుకునే ఉంటుంది. అయిదో బైటు 1 అయితే 32 బిట్లు, 2 అయితే 64. తర్వాత ప్రాసెసరు నంబరు: పాత ఇంటెల్‌కి 3, 32 బిట్ల ఆర్మ్‌కి 40, 64 బిట్ల ఆర్మ్‌కి 183. ఐఐటీ మద్రాసు వాళ్ల శక్తి లాంటి రిస్క్-ఫైవ్ చిప్పులకైతే 243. 62 అంటే నా లాప్‌టాప్. ‘ఫైల్’ అనే కమాండుకి అప్పజెప్పినా ఇదంతా చదివి చెబుతుంది. ముందే అడిగుంటే గంట మిగిలేది.

‘మేక్ డిస్ట్‌క్లీన్’ కొట్టి పాతవన్నీ ఊడ్చేసి, కాన్ఫిగర్ నుంచి మొదలుపెట్టాను.

“ఏటల్లుడా, ఇంకా నోరిప్పనేదా?” అన్నాడు మావయ్య మంచం మీంచి.

ఇప్పలేదు. ఈసారి ఆడియో లైబ్రరీ దగ్గర ‘స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్’. ‘యునేమ్’ అనే కమాండుని అడిగి, అది ఆర్చ్64 అంటే నమ్మి, 64 బిట్ల లైబ్రరీయే తెచ్చిపెట్టుకున్నాను. యునేమ్ అబద్ధం ఆడలేదు, దానికి తెలిసింది కెర్నెల్ సంగతే. 2023 నుంచి ఈ బోర్డు మీద 32 బిట్ల సిస్టమ్ వేసినా కింద 64 బిట్ల కెర్నెల్ నడుస్తోంది. పైన కంపైలరు, లైబ్రరీలు అన్నీ 32. ‘గెట్‌కాన్ఫ్ లాంగ్ బిట్’ అంటే మాత్రం తడుముకోకుండా 32 అంది. ఊరి బయట కల్వర్టు మీద నిలబడితే ఫోన్‌కి సిగ్నల్ అందుతుంది. అక్కడ ఆ లైబ్రరీ సోర్సు దించుకొచ్చి, దాన్నీ ఇక్కడే కంపైల్ చేశాను.

చీకటి పడ్డాక పలికింది. ఆ రోజు మే 7. 1924లో అదే తేదీన అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపింది ఈ కొయ్యూరులోనే. పేపర్లో దాని మీద వచ్చిన వ్యాసం టైపు చేసి ఇచ్చాను. మావయ్య చెవి ఒగ్గి రెండు పేరాలు విన్నాడు.

“ఊపిరి తీసుకోడేటల్లుడా ఈడు?”

నిమిషానికి 175 మాటలు చదువుతున్నాడు వాడు. 120కి దించాను.