పట్టికలో గడుల రూపకల్పన: అరకు తెగలు, భాషల పట్టికపై ఒక విమర్శ

వెబ్ పుట ఎడిటర్‌లో పట్టికను చొప్పించడం, అడ్డు వరుసలు, నిలువు వరుసలు చేర్చడం మీరు ఇంతకుముందే నేర్చుకున్నారు. ఈ భాగంలో ఒక పట్టికను ముందు పెట్టుకొని దాని గడులను ఎలా తీర్చారో పరిశీలిద్దాం. పట్టిక అభ్యాసం కోసం కల్పించినది. అందులో చెప్పదలచిన విషయం మాత్రం నిజమైనది: అల్లూరి సీతారామరాజు జిల్లా అరకు ప్రాంతపు గిరిజన తెగలు, వారి భాషలు.

పట్టికలో మూడు నిలువు వరుసలున్నాయి: తెగ, భాష, భాషా కుటుంబం. అడ్డంగా కొండదొర, కోదు, గదబ, బగత, కొటియ అని ఐదు వరుసలు. చూడగానే ముచ్చటగా ఉంటుంది. శీర్షిక వరుసకు కాఫీ గింజ రంగు, మిగిలిన గడులకు ఆకుపచ్చలో రెండు మూడు ఛాయలు, సన్నని గీతలు. కంటికి నచ్చే పని చేసినందుకు మార్కులు ఇవ్వవలసిందే. అయితే చదవడం మొదలుపెట్టగానే చిక్కులు కనిపిస్తాయి.

మొదటిది, అన్నిటికంటే పెద్దది, గడుల విలీనం. మొదటి మూడు తెగల ఎదురుగా ఉన్న కుటుంబం గడులను ఒక్కటిగా కలిపి మధ్యలో ‘ద్రావిడ’ అని రాశారు. కొండదొరల కొండ భాష, అంటే కూబి, ద్రావిడ భాషే. దానిపై భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో ఒక సమగ్ర గ్రంథం వెలువరించారు. కోదుల కువి కూడా ద్రావిడమే. మూడవ వరుస దగ్గర మాట తప్పిపోయింది. గదబ అన్న పేరు కింద రెండు వేరువేరు భాషలున్నాయి. ఒకటి గుతోబ్. అది ముండా శాఖకు చెందిన ఆస్ట్రో ఏషియాటిక్ భాష. రెండవది ఒల్లారి, కొండెకోర్ పేర్లతో తెలిసిన ద్రావిడ భాష. ఒకే తెగ పేరు, రెండు భాషా కుటుంబాలు. భాషా శాస్త్రంలో ఇది చిన్న విషయం కాదు. ఎడిటర్‌లో మూడు గడులను ఎంచుకొని విలీనం మీట నొక్కిన ఆ ఒక్క క్షణంలో గుతోబ్ ద్రావిడ భాష అయిపోయింది!

తప్పు సమాచారాన్ని టైపు చేసి ఉంటే ఎవరో ఒకరు గుర్తించేవారు. ఇక్కడ తప్పు అక్షరాల్లో లేదు, గడి ఆకారంలో ఉంది. అందుకే కంటికి ఆనలేదు. విలీనం చేయడమంటే ‘ఈ వరుసలన్నిటికీ ఈ మాట వర్తిస్తుంది’ అని చెప్పడమేనని గుర్తుంచుకోండి. మరొక సంగతి: డ్రీమ్‌వీవర్ వంటి ఎడిటర్లు గడులను కలిపినప్పుడు, మొదట ఎంచుకున్న గడి లక్షణాలనే కొత్త గడికి ఇస్తాయి. పట్టికలో గదబ వరుస పక్కన కొండదొర వరుస రంగు కనిపించడానికి కారణం అదే.

సరిదిద్దడం ఎలా? విలీనం ఇటువైపు కాదు, అటువైపు చేయాలి. ‘గదబ’ అన్న పేరు గడిని రెండు వరుసల మేరకు సాగదీసి, దాని పక్కన గుతోబ్‌కు ఒక వరుస, ద్రావిడ గదబకు ఒక వరుస ఇవ్వండి. కుటుంబం గడులను మాత్రం విడివిడిగానే ఉంచండి. ‘ద్రావిడ’ అన్న మాట మూడుసార్లు వచ్చినా నష్టం లేదు.

ఇక కొటియ వరుస. భాష గడిలో ‘ఆదివాసీ ఒడియా’ అని ఉంది. అది నిజమే కాని సగం నిజం. ఈ కొండల్లో ఒక తెగవారు మరొక తెగవారితో మాట్లాడేటప్పుడు సాధారణంగా వాడేది ఆ భాషే. ఒక్క తెగ ఎదురుగా ఒక్క గడిలో దాన్ని బిగించేస్తే సంతలో జరిగే మాటంతా పట్టికలోంచి జారిపోతుంది. పట్టిక చివర అన్ని నిలువు వరుసలనూ కలిపి ఒక వాక్యం రాయవచ్చు. నాకు మాత్రం ‘ఇతరులతో మాట్లాడే భాష’ అని నాలుగవ నిలువు వరుస చేర్చడమే మేలనిపిస్తుంది.

ఆ వరుస చేర్చాక కొన్ని గడులకు వివరం దొరకకపోవచ్చు. అప్పుడు గడిని ఖాళీగా వదలి బూడిద రంగు పూయకండి. చదివేవారు దాన్ని ‘భాష లేదు’ అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వినేవారికి అసలు రంగే తెలియదు. ‘వివరం దొరకలేదు’ అని మాటల్లో రాయండి. ఆకుపచ్చ ఛాయలకూ ఇదే వర్తిస్తుంది. ఛాయను బట్టి భాషా కుటుంబాన్ని గుర్తించాలంటే నలుపు తెలుపు ముద్రణలో అన్నీ ఒకటే.

శీర్షిక వరుసను కేవలం ముద్దక్షరాలతో, రంగుతో శీర్షికలా కనిపించేట్టు చేశారు. గడి లక్షణాల్లో ‘హెడర్’ అన్న ఎంపికను గుర్తు పెట్టలేదు. పెడితే ఆ గడి ట్యాగు టీడీ నుంచి టీహెచ్‌గా మారుతుంది, వినేవారికి ఏ గడి ఏ శీర్షిక కిందిదో తెలుస్తుంది. ‘నో ర్యాప్’ ఎంపికను మాత్రం అన్ని గడులకూ పెట్టారు. దానివల్ల పాఠం రెండవ పంక్తికి దిగదు. డుంబ్రిగూడలో ఫోన్‌పై చదివే విద్యార్థి తెరను పక్కకు జరుపుతూనే ఉండాలి. తీసివేయండి.

అది తీసేయగానే తెలుగుకే ప్రత్యేకమైన మరో ఇబ్బంది బయటపడుతుంది. ‘ఆస్ట్రో ఏషియాటిక్’ అన్న మాట రెండు పంక్తులుగా విరుగుతుంది. ‘స్ట్రో’ కింద రెండు ఒత్తులు వేలాడుతుంటాయి. కింది పంక్తిలోని ‘షి’, ‘టి’ల గుడులు వాటిని తాకుతాయి. పంక్తుల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి సమానంగా ఉంచడమే ఇందుకు కారణం. స్టైల్‌షీట్‌లో ఆ దూరాన్ని 1.6 లేదా 1.7 రెట్లకు పెంచి, గడి లోపలి అంచు ఖాళీని కూడా అక్కడే ఇవ్వండి. గడి గడికీ విడిగా రంగు, ఎత్తు, వెడల్పు రాసే పాత పద్ధతిని 1999 నాటి హెచ్‌టీఎంఎల్ 4.01 ప్రమాణమే వద్దని సూచించింది. అన్నీ ఒకే చోట ఉంటే, రేపు సవర వరుస చేర్చవలసి వచ్చినప్పుడు మీరు వరుస మాత్రమే చేరుస్తారు.