ఖాళీ గడి చెప్పిన సాక్ష్యం

వైకల్య పెన్షన్ నిరాకరించేటప్పుడు మాజీ సైనికుడికి వచ్చే జవాబు చాలాసార్లు ఒక్కటే: జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు. ధర్మపురి జిల్లా తీర్థమలైలో ఉన్నా, అనంతపురంలో ఉన్నా, దీన్ని కాదనదలిచిన వారు ముందు సైన్యంలోనే అప్పీలు చేసుకుని, అక్కడా కాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి తలుపు తట్టాలి. ఆ ప్రయాణంలో వారికి గట్టి అండ, 2013 జూలై 2న సుప్రీంకోర్టు చెప్పిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. అందులోని పనితనం దగ్గరగా చూడదగ్గది.

1985లో సిగ్నల్స్ విభాగంలో చేరిన జవాను ధరమ్‌వీర్ సింగ్‌ను 1994లో మూర్ఛవ్యాధి పేరుతో, 20 శాతం శాశ్వత వైకల్యంతో ఇంటికి పంపారు. పెన్షన్ ఇవ్వలేదు. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టులో సింగిల్ జడ్జి దగ్గర గెలిచినా, 2009లో డివిజన్ బెంచి దగ్గర ఓడాడు.

సుప్రీంకోర్టులో జస్టిస్ ముఖోపాధ్యాయ వైద్యులతో వైద్యం గురించి వాదించలేదు. రెండు కాగితాలు తీసి చూశారు. మొదటిది, సైన్యంలో చేరేనాటి రికార్డు. అందులో ఏ జబ్బూ రాసి లేదు. 1982 నాటి పెన్షన్ అర్హత నియమాల్లో 5వది ప్రకారం, అలా ఏ జబ్బూ నమోదు కానివాడు ఆరోగ్యంగా చేరినట్టే. తర్వాత అనారోగ్యంతో పంపేస్తే ఆ క్షీణత సర్వీసు వల్లనే అనుకోవాలి. 9వ నియమం ప్రకారం, రుజువు చేసే బరువు జవాను మీద లేదు. సందేహం ఉంటే లాభం అతనిదే. చేరేనాడు ఆ జబ్బు కనిపెట్టగలిగేది కాదని వైద్యులు అనదలిస్తే, 14(బి) ప్రకారం కారణాలు రాయాలి. రెండో కాగితం మెడికల్ బోర్డుది. అందులో అభిప్రాయం ఉంది, కారణం లేదు.

మేకు కొట్టకుండా కొయ్యలో కొయ్య బిగించిన ద్వారబంధంలా ఈ మూడు నియమాలూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచాయి. జవాను దగ్గర లేని సాక్ష్యాన్ని అడగకుండా, కాగితాలన్నీ తన దగ్గరే ఉన్న ప్రభుత్వాన్ని జవాబు అడగడం ఈ తీర్పులోని నేర్పూ, న్యాయమూ.

2015లో రాజ్‌బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే బాటలో నడిచింది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి గనుక, సర్వీసు వీడిన తేదీని ముందు చూసుకోవాలి. పాత నియమాల కిందికి వచ్చేవారు అప్పీలు రాయించే ముందే చేరేనాటి వైద్య రికార్డు, బోర్డు నివేదిక నకళ్లు అడిగి తెచ్చుకోవాలి. కేసు బలం ఆ రెండు కాగితాల్లోనే ఉంది.