తప్పు డిస్కుదా, స్లాటుదా?

ఇంట్లో నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) పెట్టుకున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఆ కబురు వస్తుంది: మూడో స్లాట్‌లో డిస్క్ లేదు. రాత్రిదాకా తిరిగిన డిస్క్ తెల్లారేసరికి లేదంటుంది, పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది. చాలామంది వెంటనే కొత్త డిస్క్ కొనేస్తారు. నెల తిరక్కుండా అదే స్లాట్‌లో మళ్లీ ఎర్ర లైటు వెలిగితే గానీ, తప్పు అసలు డిస్కుదేనా అన్న అనుమానం రాదు. నన్నడిగితే మొదటిరోజే రావాల్సిన అనుమానం అది.

విశాఖలో పెళ్లిఫొటోల స్టూడియో నడిపే ఒక తమ్ముడు ఆమధ్య ఫోన్ చేశాడు. “మూడోది పోయిందన్నా, కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నా.” ఆగమన్నాను. ముందు ఆ సీజన్ ఫొటోలన్నీ విడిగా ఒక డిస్కులోకి ఎక్కించమన్నాను. నాలుగు డిస్కుల రెయిడ్ 5లో ఒకటి జారిపోయినా డేటా చేతిలోనే ఉంటుంది. రెండోది కూడా జారితే ఎవరి పెళ్లీ మిగలదు. అలాంటప్పుడు కాపీ పూర్తయ్యేదాకా బాక్స్ మీద చెయ్యి వెయ్యకూడదు. స్క్రూడ్రైవర్ ఆ తర్వాతే.

కాపీ అయ్యాక బాక్స్ ఆపి, మూడో డిస్క్ తీసి, మామూలు కంప్యూటర్‌కి తగిలించాం. ఇక్కడొక ప్రమాదం ఉంది. ఈ డిస్కుని ఇనిషియలైజో, ఫార్మాటో చెయ్యమంటారా అని విండోస్ అడగొచ్చు. వద్దనాలి. మనక్కావలసింది డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టు మాత్రమే. అందులో 5, 197, 198 నంబర్ల ఎదురుగా అంకె పెరుగుతూ ఉంటే డిస్క్ లోపలే చోటు చెడిపోతోందన్నమాట, మార్చెయ్యాలి. అవి సున్నా దగ్గరే ఉండి 199 ఒక్కటే పెరిగితే, డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో డేటా పాడవుతోంది. కనెక్టరో, కేబులో, లోపల డిస్కులు వెళ్లి తగులుకునే బ్యాక్‌ప్లేనో చూసుకోవాలి. 199 పెరగడమే తప్ప తగ్గదు. పాత లోపం సరిచేసినా పాత అంకె అలాగే ఉంటుంది. అందుకని ఇవాళ్టి అంకె రాసిపెట్టుకుని కొన్నాళ్లకి మళ్లీ చూడాలి.

తమ్ముడి డిస్కులో మొదటి మూడూ సున్నా. 199 మాత్రం వందల్లో ఉంది.

అప్పుడు ఆ డిస్క్ బిగించిన ట్రే చేతిలోకి తీసుకుని చూశాం. అడుగున నాలుగు స్క్రూలుండాల్సిన చోట రెండే ఉన్నాయి, అవీ ఒక కొసనే. ఎక్కువ టెరాబైట్ల కొత్త డిస్కుల్లో చాలావాటికి అడుగున మధ్యలో ఉండే స్క్రూ రంధ్రాల చోటు మారిపోయింది. పాత ట్రేకి అవి కలవవు. బిగించని కొస అదురుతోంది, ట్రే లోపలికి పోయినా కనెక్టర్ పూర్తిగా కూర్చోవడం లేదు. బంగారుపూత పిన్నుల మీద సన్నటి గోధుమరంగు పొర కూడా కనిపించింది, సముద్రపు గాలి మరి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ రంధ్రాలకి సరిపోయే ట్రే తెప్పించి బిగిస్తే డిస్క్ కనిపించింది. దానిలోకి డేటా తిరిగి నింపే రీబిల్డ్ పూర్తయింది, 199 మళ్లీ కదల్లేదు. కొత్త డిస్క్ ఖర్చు తప్పింది. అంతకన్నా నాకు తృప్తి, బాగున్న డిస్క్ చెత్తబుట్టలో పడలేదు.

అన్నిసార్లూ ట్రేదే తప్పు కాదు. ఇవాళ రెండో స్లాట్, రేపు నాలుగోది, అదీ బాక్స్ ఆన్ చేసినప్పుడే జారిపోతుంటే పవర్ అడాప్టర్‌ని అనుమానించండి. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైన్ మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే ముసలి అడాప్టర్ తట్టుకోలేకపోవచ్చు. స్లాట్ మీదే అనుమానం మిగిలితే, బాక్స్ ఆపి అసలు డిస్కులన్నీ తీసి పక్కన పెట్టి, ఖాళీ డిస్క్ ఒకటి ఆ స్లాట్‌లో పెట్టి చూడండి. అదీ కనిపించకపోతే తప్పు బ్యాక్‌ప్లేనుదో బోర్డుదో. ఏం మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. ట్రే, అడాప్టర్, డిస్క్ కలిపి మార్చేస్తే ఏది నయం చేసిందో తెలియదు.

మీ బాక్స్ ఇవాళ బాగానే ఉంటే, ఈ ఆదివారం దాన్ని ఆపి ఒక్కో డిస్క్ సీరియల్ నంబర్, అది ఏ స్లాట్‌లో ఉందో కాగితం మీద రాసి బాక్స్‌కి అంటించండి. ఎర్ర లైటు వెలిగిన కంగారులో చెడినదనుకుని బాగున్న డిస్క్ లాగేస్తే, అప్పటిదాకా నిలిచిన రెయిడ్ ఆ క్షణాన కూలిపోతుంది.