గాడిపొయ్యి మీద కాఫీ

బిల్డ్ నత్తనడక నడుస్తోందంటే టీములో ముందు లేచే మాట "పెద్ద మెషీన్ తీసుకుందాం" అనే. నాలుగు కోర్లున్నచోట ఎనిమిది పెడతారు. క్లౌడ్‌లో చాలాచోట్ల కోర్లు రెట్టింపైతే నిమిషానికి అద్దె కూడా రెట్టింపవుతుంది. ఆ సంగతి నెలాఖరుకి బిల్లు చూశాక గుర్తొస్తుంది.

లెక్క వేసి చూడండి. ఒక కంటైనర్ ఇమేజ్ బిల్డ్‌కి పది నిమిషాలు పడుతోందనుకుందాం. లైబ్రరీల డౌన్‌లోడుకి నాలుగు, కంపైలుకి నాలుగు, తయారైన ఇమేజ్‌ని రిజిస్ట్రీకి పంపడానికి రెండు. కోర్లు రెట్టింపు చేస్తే తగ్గేది ప్రధానంగా కంపైలే, అదీ మహా అయితే సగానికి. డౌన్‌లోడు మాత్రం నెట్‌వర్క్ దయ. పది నిమిషాలు ఎనిమిదవుతాయి, పది రూపాయల ఖర్చు పదహారవుతుంది. గాడిపొయ్యి వెలిగించి ఇద్దరికి కాఫీ కాచినట్టు. కోర్లు పెంచితే వచ్చే వేగానికి ఉన్న ఈ హద్దుని కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్డాల్ 1967లోనే చూపించాడు.

అలాగని చిన్నది పెట్టి మురిసిపోవడమూ కుదరదు. కుబర్నెటిస్‌లో రెండు కోర్ల పరిమితి పెట్టిన కంటైనర్‌లో చాలా బిల్డ్ టూల్స్‌కి ఆ పరిమితి కనపడదు. కింద ఉన్న అసలు మెషీన్‌కి అరవై నాలుగు కోర్లుంటే, అన్నీ తమవేననుకుని అరవై నాలుగు కంపైలర్లని ఒక్కసారే లేపుతాయి. సీ ప్లస్ ప్లస్ కోడైతే ఒక్కో కంపైలరే బోలెడు మెమరీ మింగుతుంది. చివరికి కెర్నెల్ ఒకదాన్ని చంపేస్తుంది, లాగ్‌లో తరచుగా 137 అన్న ఎగ్జిట్ కోడ్ కనిపిస్తుంది. వెంటనే "మెమరీ పెంచండి" అంటారు. చాలాసార్లు మేక్ పక్కన -j2 (ఒకేసారి రెండే పనులు) అని రాస్తే సరిపోయేది.

నన్నడిగితే మెషీన్ జోలికి పోకముందు డాకర్‌ఫైల్ తెరవాలి. సోర్సంతా కాపీ చేశాక కింద పిప్ ఇన్‌స్టాల్ రాసుంటే, రీడ్‌మీలో ఒక్క కామా మార్చినా ఆ కింది లేయర్లన్నీ చెల్లవు, లైబ్రరీలన్నీ మళ్ళీ మొదటినుంచి దిగుతాయి. ముందు రిక్వైర్‌మెంట్స్ ఫైలొక్కటే కాపీ చేసి, ఇన్‌స్టాల్ కానిచ్చి, తర్వాత సోర్సు కాపీ చేస్తే డౌన్‌లోడుకి పట్టే ఆ నాలుగు నిమిషాలూ చాలా బిల్డుల్లో మాయమవుతాయి. ప్రతి బిల్డ్‌కీ కొత్త మెషీన్ వచ్చేచోట ఈ లేయర్ల కాష్ ఖాళీగా ఉంటుంది గనక, దాన్ని రిజిస్ట్రీలో దాచుకునే ఏర్పాటూ చేసుకోవాలి.

ఇంతా చేసి పొదుపు పిచ్చిలో పడకూడదు. రాత్రి నడిచే బిల్డులకి నేను చిన్న మెషీనే ఇస్తాను, ఎదురుచూసేవాళ్ళుండరు. పగలు నలుగురు ఇంజినీర్లు చేతులు కట్టుకుని చూస్తుంటే ఎనిమిది కోర్ల అద్దె వాళ్ళ జీతాలముందు చిల్లర. అక్కడ బేరమాడను.