ఒక బొమ్మ, ఒక మాట

మార్చి 4 జాతీయ భద్రతా దినం. 1966లో జాతీయ భద్రతా మండలి పుట్టిన రోజది. ఆ భద్రతా వారం దగ్గరపడుతోందంటే ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల మిషన్ల నుంచి బోర్డులు రాయమని మాకు కబురొచ్చేది. ఇప్పుడు ఆ పని చాలావరకు ఫ్లెక్సీల పాలైంది. మ్యాటర్ మాత్రం మారలేదు: పైనుంచి కిందిదాకా సూచనలు, అడుగున యాజమాన్యం పేరు. తనిఖీకొచ్చే అధికారి చదవడానికే అది రాయిస్తున్నారని కుంచె పట్టినవాడికి తెలిసిపోతుంది.

పనివాడి కంటికోసం బోర్డు రాయడమెలాగో రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటన్ పోస్టర్లు చూసి నేర్చుకోవచ్చు. మగవాళ్లు సైన్యానికి పోయాక, మిషన్ మొహం ఎరగని ఆడవాళ్లు వేలకు వేలు ఫ్యాక్టరీల్లో చేరారు. కూర్చోబెట్టి పాఠాలు చెప్పే తీరిక లేదు. కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ అండతో ‘రోస్పా’ అనే ప్రమాద నివారణ సంస్థ పోస్టర్లు వేయించింది. టామ్ ఎకర్స్‌లీ అనే చిత్రకారుడు వైమానిక దళంలో మ్యాపులు గీస్తూనే వీటినీ గీశాడు. ఇలాంటివే గీసిన హన్స్ ష్లెగర్, రోథోల్జ్ జర్మనీ నుంచి వచ్చిన యూదులు.

వాళ్ల పొదుపు నాకిష్టం. నాలుగు చదును రంగులు. చెక్కలోంచి పొడుచుకొచ్చిన మేకో, అద్దాలు లేని కన్నో, మిషన్‌కు చిక్కబోయే జుట్టో. ఒక బొమ్మ, ఒక మాట. నడిచిపోతూ చూసినా బుర్రకెక్కుతుంది. బెదిరింపు తక్కువ, చమత్కారం ఎక్కువ. చూసేవాడికి తెలివుందని నమ్మి గీసినవి. చాలా ఏళ్ల తర్వాత ఒక పాత గోదాములో ఇలాంటివి 700కు పైగా బయటపడ్డాయి.

ఈ పొదుపు పాఠం మా దగ్గరా ఉంది. మా చక్రాయపేట మండలం గండిలో వీరాంజనేయస్వామిని రాముడు బాణం మొనతో బండమీద గీశాడంటారు. చిటికెనవేలు మిగిలిపోయిందట. పూర్తిచేద్దామని శిల్పి ఉలి పెడితే నెత్తురు కారిందట. చాలినంత గీసి చెయ్యి ఆపాలని నేను ఆ కథలోంచి తీసుకున్నాను. రాసేవాడికి ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోదు. బోర్డు పాడయ్యేది అక్కడే.

నాపరాయి కోత మిషన్ దగ్గర నన్ను వేయమంటే, తిరిగే చక్రం, దానివైపు జారుతున్న తువ్వాలు కొస వేస్తాను. ‘తువ్వాలు తీసెయ్’ అని రెండే మాటలు రాస్తాను.

సూచనల జాబితా వద్దనను, ఆఫీసు గోడకు తగిలించుకోండి. మిషన్ పక్క గోడ మాత్రం దాన్ని నడిపేవాడిది. అక్కడేం గీయాలో ముందు అతన్నడగండి; ఎక్కడ చెయ్యి పోబోయిందో అతనికే తెలుసు.